డిటర్జెంట్ ఇంట్లో చేసుకుంటే మిగిలేదెంత?

కిలో పౌడర్ 120 రూపాయలనుకుందాం. మెషిన్ వేసినప్పుడల్లా 50 గ్రాములు పోస్తే 20 సార్లు వస్తుంది. అంటే సారికి 6 రూపాయలు. నెలకు 12 సార్లు వేస్తే 72. గచ్చిబౌలి ఫ్లాట్లో ముగ్గురుంటే తలా 24 రూపాయలు. సబ్బు తురుముతూ శనివారం గడిపేముందు ఈ లెక్క చూసుకోండి. ఆదా ఉంది, కానీ దాని దారి వేరు.

ముందు నీళ్ల సంగతి. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు చాలా అపార్ట్‌మెంట్లు, పీజీ హాస్టళ్లు ఎండాకాలం వచ్చిందంటే బోర్ల మీద, ట్యాంకర్ల మీదే నడుస్తాయి. బకెట్ అంచున, గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కడుతుంటే అవి ఉప్పునీళ్లు, అంటే హార్డ్ వాటర్. అసోసియేషన్ దగ్గర నీటి పరీక్ష రిపోర్టు ఉంటే అందులో ‘టోటల్ హార్డ్‌నెస్’ చూడండి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు.

ఇలాంటి ఉప్పునీళ్లలో సబ్బు తురుము పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెట్టులా మారి బట్టలకూ డ్రమ్ముకూ అంటుకుంటుంది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో మొదలుపెట్టిన నిర్మా కూడా సబ్బు తురుము కాదు, సింథటిక్ డిటర్జెంటే. దానికి కావలసిన యాసిడ్ స్లర్రీ చర్మాన్ని కాలుస్తుంది. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు.

చేయదగ్గవి రెండున్నాయి.

ఒకటి, చాకలి సోడా. రేవులో చౌడు మట్టి చేసిన పని ఇదే: నీళ్లలోని కాల్షియాన్ని విడదీసి, మురికిని వదిలిస్తుంది. ఒకటి రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కరిగించి ముందు పోయండి. తర్వాత పౌడర్ మామూలుగా వేసేదానిలో సగంతో మొదలుపెట్టి, మురికి పోకపోతే కొంచెం పెంచండి. వంట సోడా దీనికి బదులు కాదు. కాస్టిక్ సోడా అసలే ముట్టుకోవద్దు. పట్టు, ఉన్ని బట్టలకు, అల్యూమినియం గిన్నెలకు చాకలి సోడా పడదు. చేతికి గ్లౌజులు వేసుకోండి.

రెండోది కుంకుడు రసం. బేగంబజార్ కిరాణా కొట్లలో కాయలు దొరుకుతాయి. గింజలు తీసిన 100 గ్రాముల పెచ్చుల్ని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున 15 నిమిషాలు మరిగించి, చల్లారాక పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయండి, పులుస్తుంది. బకెట్‌కి అర కప్పు చాలు. కళ్లలో పడితే మంట. పట్టుచీరలకు, రంగు కాటన్లకు, చేతి ఉతుకుకు ఇది బాగుంటుంది. కాలర్ చెమట మరక, పప్పు మరక మాత్రం ఎంజైములున్న పౌడర్‌కే లొంగుతాయి. తెల్ల చొక్కాలు కుంకుడుతో కాస్త మసకబారతాయి కాబట్టి ఆఫీసు బట్టలు దీనికి వదిలేయకండి.

వెనిగర్, వంట సోడా కలపమనే చిట్కా నమ్మకండి. ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే విషవాయువు వస్తుంది.

అసలు డబ్బు పోయేది కిలో లెక్కన ఉతికే లాండ్రీ దగ్గర. ఒక జీన్స్ 600 గ్రాముల పైనే తూగుతుంది. కిలో 80 రూపాయలైతే ఆ ఒక్క ప్యాంటుకే 50 దాకా. బరువైన జీన్స్, తువ్వాళ్లు, దుప్పట్లు మీరే మెషిన్‌లో వేసుకోండి. బయటికి ఇవ్వక తప్పకపోతే చొక్కాలు మాత్రం ఇవ్వండి. ఈ నెల లాండ్రీ బిల్లు తీసి, అందులో బరువు బట్టలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కుంకుళ్లు ఆ తర్వాత నానబెట్టుకోవచ్చు.