ఎముకలోని ఖనిజ పరిమాణం – కొలత, అర్థ వివరణ: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు అన్వయం

నేల నుండి నీటికి, పంటకు, పశువుకు, మనిషికి సాగే ఖనిజాల ప్రయాణంలో చివరి మజిలీ ఎముక. శరీరంలోని కాల్షియంలో సుమారు 99 శాతం, భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకలలోను, దంతాలలోను నిల్వ ఉంటాయి. కాబట్టి ఎముకలోని ఖనిజ పరిమాణం వైద్యశాస్త్రానికే పరిమితమైన అంశం కాదు. రైతు కుటుంబాల ఆహారం, త్రాగునీరు, పశువుల మేతపై సలహాలిచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా దీనిపై అవగాహన అవసరం. ఎముకలో ఖనిజం ఎంత ఉందో తెలిసినంత మాత్రాన ఎముక ఎంత గట్టిదో తెలియదు. ఆ ఖనిజం ఎటువంటిది, ఏ నీటి ద్వారా, ఏ ఆహారం ద్వారా చేరింది అనే విషయాలు కూడా తెలిసినప్పుడే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుంది. బోరు నీటిపై ఆధారపడిన గ్రామాలున్న ఉత్తర తెలంగాణలో ఈ విచక్షణ ఎంతో ముఖ్యం.

ఎముక నిర్మాణం

ఎండిన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం; మిగిలినది ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు. ఖనిజ భాగం కాల్షియం, భాస్వరం కలిసి ఏర్పడిన హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాల రూపంలో ఉంటుంది. ఇందులో ఈ రెండు మూలకాల బరువుల నిష్పత్తి సుమారు 2.15:1. ఖనిజం ఎముకకు కాఠిన్యాన్ని, కొల్లాజెన్ విరగకుండా వంగే గుణాన్ని ఇస్తాయి. ఎముక నిర్జీవ పదార్థం కాదు. పాత ఎముక కరగడం, కొత్త ఎముక ఏర్పడడం జీవితాంతం సాగుతాయి. సుమారు ముప్పై ఏళ్ల వయస్సు వరకు నిల్వ పెరుగుతుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత తరుగుదల వేగవంతమవుతుంది.

కొలిచే పద్ధతులు

ప్రయోగశాలలో పాత పద్ధతి బూడిద పరీక్ష. ఎముకలోని కొవ్వును తొలగించి, ఆరబెట్టి, తూచి, మఫుల్ కొలిమిలో సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాల్చగా మిగిలిన బూడిదే ఖనిజ భాగం. కోళ్ల దాణా ప్రయోగాలలో భాస్వరం చాలినంత అందుతున్నదో లేదో నిర్ణయించడానికి కోడిపిల్ల కాలి ఎముకలోని బూడిద శాతాన్ని నేటికీ ప్రమాణంగా తీసుకుంటారు.

జీవించి ఉన్న మనిషి ఎముకను కొలిచే ఫోటాన్ శోషణ పద్ధతిని 1963లో అమెరికాలో కామెరాన్, సోరెన్సన్ ప్రకటించారు. 1987 నుండి రెండు వేర్వేరు శక్తులు గల ఎక్స్ కిరణాలతో పనిచేసే డెక్సా యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. డెక్సా ముందుగా ఎముక ఖనిజ పరిమాణాన్ని గ్రాములలో లెక్కిస్తుంది. దానిని చిత్రంలో కనిపించే ఎముక వైశాల్యంతో భాగిస్తే ఎముక ఖనిజ సాంద్రత చదరపు సెంటీమీటరుకు గ్రాములలో లభిస్తుంది. ఆరోగ్యవంతులైన యువజనుల సగటు కంటే ఈ విలువ 2.5 ప్రామాణిక విచలనాలు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే ఆస్టియోపోరోసిస్‌గా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 1994లో సూచించింది.

ఇక్కడ విద్యార్థులు ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. డెక్సా వైశాల్యాన్నే కొలుస్తుంది గాని మందాన్ని కొలవదు. ఘన సెంటీమీటరుకు 0.3 గ్రాముల ఖనిజం గల రెండు ఘనాలను ఊహించాలి. ఒకదాని భుజం 2 సెం.మీ., రెండవదాని భుజం 3 సెం.మీ. వాటి ఖనిజ పరిమాణాలు వరుసగా 2.4, 8.1 గ్రాములు, వైశాల్యాలు 4, 9 చదరపు సెం.మీ.; సాంద్రతలు 0.6, 0.9 గ్రాములు. పదార్థం ఒకటే అయినా చిన్న ఎముక బలహీనమైనదిగా కనిపిస్తుంది. బాల్యంలో పోషణ లోపించి పొట్టిగా ఎదిగినవారి ఫలితాలను వివరించేటప్పుడు ఈ అంశాన్ని విస్మరించరాదు.

ఖనిజం ఎక్కువైనా ఎముక బలహీనం కావచ్చు

తెలుగు ప్రాంతంలో ఇందుకు ప్రత్యక్ష నిదర్శనం ఫ్లోరోసిస్. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించిన పరిశోధన 1937లో వెలువడింది. తరువాత నల్గొండ జిల్లాలో విస్తృత పరిశీలనలు జరిగాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అక్కడి యువకులలో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని 1973లో వివరించారు. వెన్నెముక ఎక్స్‌రేలో చిక్కగా కనిపించిన వారిలోనే కాళ్లు, చేతుల ఎముకలు పలుచబడి ఉండడం గమనార్హం. ఒకే శరీరంలో ఒకచోట ఖనిజం అధికం, మరొకచోట అల్పం.

ఫ్లోరైడు హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించి ఫ్లోరపటైట్‌గా మారుస్తుంది. కొత్త ఎముక వేగంగా ఏర్పడుతుంది గాని దాని అమరిక అస్తవ్యస్తంగా ఉంటుంది. అమెరికాలో ఆస్టియోపోరోసిస్ ఉన్న స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితాలు 1990లో ప్రచురితమయ్యాయి. సోడియం ఫ్లోరైడు ఇచ్చిన వారిలో నాలుగేళ్లలో నడుము వెన్నుపూసల ఖనిజ సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఇతర ఎముకల విరుగుళ్లు పెరిగాయి. ఫ్లోరైడు ప్రాంతంలో డెక్సా చూపే మంచి అంకె మోసపుచ్చవచ్చునన్నది దీని సారాంశం.

కరీంనగర్, ఆదిలాబాద్ పరిస్థితులు

పూర్వపు కరీంనగర్ జిల్లాలో అధిక భాగం గ్రానైటు జాతి శిలలపై ఉంది. ఈ శిలలలోని ఫ్లోరైటు, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్నప్పుడు ఇది మరింత కరుగుతుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో బసాల్టు, దానిపై ఏర్పడిన నల్లరేగడి నేలలు, గోదావరి లోయలో బొగ్గు గల అవక్షేప శిలలు కూడా ఉన్నాయి. కాబట్టి ఒక ఊరి ఫలితాన్ని పక్క ఊరికి వర్తింపజేయరాదు. ప్రతి బోరును పరీక్షించవలసిందే. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో లీటరుకు 1.0 మి.గ్రా. ఫ్లోరైడు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. గరిష్ఠ పరిమితి.

ఆహారం విషయంలోనూ రెండు ప్రాంతాలకు భేదం ఉంది. కాకతీయ కాలువ వచ్చిన తరువాత కరీంనగర్ ప్రాంతంలో వరి విస్తరించింది. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేలలో జొన్న తరతరాల ఆహారం. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో కాల్షియం సుమారు 7.5 మి.గ్రా., జొన్నలో 28, రాగులలో 364 మి.గ్రా. ఉన్నట్లు 2017 నాటి భారతీయ ఆహార పదార్థాల పట్టికలు తెలుపుతున్నాయి. బియ్యం కంటే జొన్న మేలన్నది నిజమే. అయితే జొన్న ఆహారం తీసుకున్నప్పుడు శరీరంలో ఫ్లోరైడు ఎక్కువగా నిలిచిపోతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970వ దశకంలో గుర్తించారు. కాబట్టి జొన్నను మానమని కాదు, నీటిని ముందుగా సరిచేయమని సలహా ఇవ్వాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. చిరుధాన్యాల ప్రచారానికి ముందు ఆ గ్రామపు త్రాగునీటి పరీక్ష ఫలితాన్ని తెలుసుకోవాలి. మిషన్ భగీరథ ద్వారా నదీజలం అందుతున్న చోట కూడా పొలాల వద్ద కూలీలు బోరు నీరు త్రాగుతున్నారేమో గమనించాలి.

2. పిల్లల దంతాలపై, పశువుల ముందు పళ్లపై గోధుమరంగు చారలు కనిపిస్తే నీటి నమూనాను వెంటనే ప్రయోగశాలకు పంపాలి. దంతాల మచ్చలు ఎముకల వైకల్యం కంటే చాలా ముందుగా కనిపించే హెచ్చరిక.

3. రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర, పాలు ఆహారంలో చేర్చడాన్ని, విటమిన్ డి కోసం శరీరానికి ఎండ తగలడాన్ని ప్రోత్సహించాలి. కాల్షియం ప్రేగులలో ఫ్లోరైడుతో కలిసి దాని శోషణను తగ్గిస్తుంది.

4. వరిగడ్డిలో భాస్వరం చాలా తక్కువ. గడ్డిపైనే ఆధారపడిన పశువులు ఎముకలు, మట్టి నాకడం భాస్వర లోపానికి చిహ్నం. వాటికి పశువుల కోసం తయారైన ఖనిజ లవణ మిశ్రమాన్నే ఇవ్వాలి. ఫ్లోరైడు తొలగించని రాక్ ఫాస్ఫేటును గాని, ఎరువుల శ్రేణి ఫాస్ఫేటును గాని మేపరాదు.

వంగిన ఎముకను తిరిగి నిటారు చేయడం శస్త్రచికిత్సకు కూడా కష్టసాధ్యం. ఎదిగే వయస్సులో పిల్లవాడు త్రాగే నీటిని మార్చడం మాత్రం సాధ్యమే. అందువల్ల ఈ ప్రాంతంలో ఎముకల ఆరోగ్య పరిరక్షణ ఆసుపత్రిలోని యంత్రంతో కాక, గ్రామంలోని నీటి నమూనా సీసాతో ప్రారంభం కావాలి.