ట్రాక్టర్ లేకుండా జింకలకు మేత మడి

ప్రశ్న: జార్జియాలో మా ఇంటి వెనక చెట్ల మధ్య పావు ఎకరం ఖాళీ ఉంది. ట్రాక్టర్ లేకుండా జింకలకు మేత పెంచగలమా?

జవాబు: భేషుగ్గా, సగం రోజైనా ఎండ పడితే. ముందు కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో మట్టి పరీక్ష చేయించండి. అక్కడి ఎర్రమట్టిలో ఆమ్లగుణం ఎక్కువ. దాన్ని తగ్గించే సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి వేసవిలోనే వేయాలి. సెప్టెంబరులో గడ్డిని నేలమట్టంగా కోసి, మట్టి కనబడేదాకా ఇనుప దంతెతో గీకండి. దున్నలేదన్న బెంగ అక్కర్లేదు. దున్నితే అడుగున పడున్న కలుపు గింజలూ లేస్తాయి. వాన వచ్చే ముందు గోధుమలు చల్లి దంతెతో కప్పండి. రైజోబియం బ్యాక్టీరియా పట్టించిన క్రిమ్సన్ క్లోవర్ అనే పచ్చిమేత గింజలను మాత్రం పైపైన చల్లి కాళ్లతో తొక్కితే చాలు, ఆవగింజంత విత్తనం లోతుకు పోతే మొలవదు. మడిలో ఒకచోట గజం మేర తీగవల చుట్టండి. లోపలి మొక్కలకూ బయటి మొక్కలకూ ఎత్తులో తేడా చూస్తే జింకలు ఎంత మేస్తున్నాయో తెలిసిపోతుంది.