కిటికీని ఫోటో తీయడం ఎలా?

ఈ నెల మన గోడపత్రికలో కిటికీల ఫోటోల గురించి రాస్తున్నాను. "కిటికీలో ఏముందిరా తీయడానికి?" అని మా గదివాళ్ళు నవ్వారు. చాలా ఉంది. ఓపికగా చదవండి.

మొదట కొంచెం చరిత్ర

కెమెరాతో తీసినవాటిలో నేటివరకు మిగిలివున్న అన్నిటికంటె పాత ఫోటో ఒక కిటికీలోంచి తీసినదే. ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ నిసెఫోర్ నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీ దగ్గర కెమెరా పెట్టి దాన్ని తీశాడు. అప్పటికి ఫిల్ము లేదు. తగరం ఎక్కువగా ఉన్న లోహపు పలక మీద ఒక రకం తారు పూశాడు. వెలుతురు తగిలినచోట తారు గట్టిపడింది. తగలనిచోట నూనెతో కడిగితే పోయింది. దీనికి కనీసం 8 గంటలు పట్టిందంటారు. అందుకే ఆ బొమ్మలో ఎదురెదురు గోడల మీద కూడా ఎండ కనబడుతుంది. పొద్దుటి ఎండ ఒకవైపు, సాయంత్రపు ఎండ ఇంకోవైపు! ఆ పలక ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది.

తరువాత ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో తన ఇంటి కిటికీని ఏకంగా కాగితం మీద దించాడు. కాగితానికి వెండి లవణం పట్టించాడు. వెలుతురు పడినచోట అది నల్లబడింది. అందుచేత అద్దాలు నల్లగా, చట్రం తెల్లగా వచ్చాయి. దీన్నే నెగెటివ్ అంటారు. లోకంలో మిగిలిన కెమెరా నెగెటివ్‌లలో ఇదే పాతది. సైజు చూస్తే తపాలాబిళ్ళ కంటె కొంచెం పెద్దది, అంతే.

వాళ్ళు కిటికీ దగ్గరికే ఎందుకు పోయారు? ఆనాటి పలకకు, కాగితానికి వెలుతురు చాలాసేపు కావాలి. మనిషి అంతసేపు కదలకుండా ఉండలేడు. కిటికీ ఉంటుంది.

మన గదే ఒక కెమెరా

లాటిను భాషలో కెమెరా అంటే గది. కావాలంటే ఇలా చేసి చూడండి. బాగా ఎండ కాసేటప్పుడు గది తలుపులు, కిటికీలు అన్నీ మూసి, సందుల్లో నల్ల దుప్పట్లు కట్టండి. ఒక్క కిటికీకి అట్ట అడ్డం పెట్టి, అందులో రూపాయి బిళ్ళంత రంధ్రం చేయండి. కాసేపు చీకట్లో కూర్చోండి. ఎదురు తెల్లగోడ మీద బయటి చెట్టు తలకిందులుగా కనబడుతుంది. ఎందుకంటే వెలుతురు సూటిగా పోతుంది. చెట్టు కొస నుంచి వచ్చే కిరణం రంధ్రంలోంచి దూరి గోడ అడుగుకు, మొదలు నుంచి వచ్చేది గోడ పైకి పోతాయి. రంధ్రం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది గాని మసకగా ఉంటుంది. పెద్దదైతే కాంతి ఎక్కువ, అంచులు చెదిరిపోతాయి.

తీసే పద్ధతి

సైన్సు సారు తన ఫోను ఇస్తే, వారి ఎదుటనే మన పాత బ్లాకు కిటికీలు తీశాను. తెలుసుకున్నవి ఇవి:

1. కిటికీకి సరిగ్గా ఎదురుగా, దాని ఎత్తుకు ఫోను పట్టుకోవాలి. కింద నిలబడి ఫోను పైకి వంచితే నిలువు ఊచలు పైన దగ్గరకు చేరినట్లు వస్తాయి. పైభాగం దూరం కాబట్టి చిన్నదిగా కనబడుతుంది.

2. లోపలినుంచి తీస్తే కష్టం. నడి ఎండలో కాంతి సుమారు లక్ష లక్స్ ఉంటుంది, గదిలో కొన్ని వందలే. కన్ను సర్దుకుంటుంది, ఫోను అంతగా సర్దుకోలేదు. తెరమీద ఎక్కడ వేలు పెడితే ఆ భాగం సరిగా వస్తుంది. బయట కావాలా, గోడ కావాలా, ముందే అనుకోవాలి.

3. ఎండ గోడకు సూటిగా కొట్టేటప్పుడు చెక్క మీది గీతలు కనబడవు. గోడ వెంట ఏటవాలుగా జారేటప్పుడు ప్రతి గీతకు సన్నని నీడ పడుతుంది. అప్పుడు తీయాలి. చూరు నీడ వచ్చేలోగా తీసేయాలి.

4. పాడుబడ్డ ఇంట్లోకి దూరకూడదు. పెంకులు పడతాయి, పాములు, తేళ్ళు ఉంటాయి. బయటనుంచే తీయాలి.

5. మనుషులుండే ఇంటి కిటికీ అయితే అడగనిదే తీయరాదు. ఆడపిల్లల హాస్టలు వైపు ఫోను తిప్పనే తిప్పరాదు.

ఎందుకు తీయాలి?

మూడో సూత్రం వల్లనే నాకొక సంగతి తెలిసింది. పాత బ్లాకు మూడో కిటికీ చెక్క మీద ఉదయం తొమ్మిదిన్నరకు చూస్తే అయిదేసి గీతల గుంపులు కనబడ్డాయి. పేర్లు కూడా ఉన్నాయి. మా నాన్న ఇక్కడే చదివాడు. ఫోటో చూపించి అడిగితే, అవి సంక్రాంతి సెలవులకు రోజులు లెక్కపెట్టుకున్న గీతలని చెప్పాడు. ఆదివారం మా నాయనమ్మ ఊరినుంచి నడిచొచ్చి, ఆ ఊచల సందులోంచే ఉడకేసిన తేగలు అందించేదట. మా నాన్నకు హాస్టల్లో దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఆ కిటికీ ఫోటోనే చాలాసేపు చూశాడు.

వచ్చే వేసవిలో ఆ బ్లాకు తీసేస్తారంటున్నారు. తీసేయడం మంచిదే, గోడలు బీటలిచ్చినాయి. కాని మొత్తం 11 కిటికీలలో నేను తీసినవి 4 మాత్రమే. కూలిన తరువాత మిగతా 7 ఎవ్వరూ తీయలేరు. కావున వార్డెన్ గారు దయచేసి ఒక ఆదివారం ఉదయం గంటసేపు అనుమతి ఇప్పించవలసిందిగా కోరుచున్నాను. ఫోటోలు అచ్చు తీయించి, ఏ కిటికీ ఎక్కడిదో పక్కన రాసి, ఒక రిజిస్టరులో అంటిద్దాం. మన అన్నలు, నాన్నలు వచ్చినప్పుడు తమ గీతలు తాము వెతుక్కుంటారు.

అభ్యాసం: మీ ఇంటి కిటికీ బొమ్మ చూడకుండా గీయండి. సెలవులకు వెళ్ళినప్పుడు పక్కన పెట్టి చూడండి. ఊచలు ఎన్ని తప్పాయో లెక్కపెట్టండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి