సముద్రము దాటిన ధర్మము

మానవుడు స్వస్థలము విడిచి పరదేశమునకు పోవునపుడు వెంట గొనిపోగలవి మిక్కిలి స్వల్పము. ఇల్లు, పొలము, బంధువర్గము, గ్రామదేవత గుడి, పితరులకు తర్పణము విడిచిన ఏటిగట్టు, ఇవన్నియు వెనుకనే నిలిచిపోవును. హృదయములో నాటుకొనిన విశ్వాసము మాత్రము వెంట వచ్చును. క్రొత్తనేలపై ఆ విశ్వాసము గతి ఏమగును? నీరులేని మొక్కవలె వాడిపోవునా? వచ్చినది వచ్చినట్లే నిలుచునా? లేక ఒక నూతన సంఘమునకు విత్తనమగునా? సమాజనిర్మాణమున మతము వహించు పాత్రను తెలియగోరువారు ఈ ప్రశ్నను తప్పక విచారింపవలెను. పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ ద్వీపములకు పోయిన భారతీయుల చరిత్ర ఇందులకు మంచి నిదర్శనము. అందు మనకు గర్వకారణమగు విషయములు కలవు. మనలను ఆలోచింపజేయు విషయములును కలవు.

గిర్మిట్ దినములు

1874లో ఫిజీ బ్రిటిషువారి అధీనమయ్యెను. కొలదికాలమునకే అచటికి గవర్నరుగ వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్, స్థానిక ప్రజల భూములను, గ్రామజీవనమును చెదరనీయరాదని నిశ్చయించెను. అందుచే చెఱకు తోటలకు కూలీలను వేఱొక దేశమునుండి తేవలసివచ్చెను. ఆయన లోగడ పాలించిన ట్రినిడాడ్, మారిషస్ ద్వీపములలో భారతీయ కూలీలచే పనిచేయించు పద్ధతి అప్పటికే నడచుచుండెను. దానినే ఇచటను ప్రవేశపెట్టిరి. 1879 మే 14వ తేదీన 'లియోనిడాస్' అను నౌక నాలుగువందలకు పైగా భారతీయులతో లెవుకా రేవు చేరెను. అది మొదలు 1916 వరకు సుమారు 60 వేలమంది ఆ ద్వీపములకు పోయిరి. మొదట అందఱును కలకత్తా రేవునుండియే పోవుచుండిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవును తెఱచిరి. ఈ రెండవ రేవునుండి పోయినవారు సుమారు 15 వేలమంది. వారిలో తమిళులు, మలయాళీలతోపాటు విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా మండలములకు చెందిన మన తెలుగువారును గలరు.

వీరు వ్రేలిముద్ర వేసి యిచ్చిన 'అగ్రిమెంటు' వారి నోట 'గిర్మిట్' అయినది, వారు 'గిర్మిటియా'లైరి. ఐదేండ్లు తోటలో పనిచేయవలెను. నియమించిన పని పూర్తిగ చేసినచో పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి. పని మిగిలినచో కూలి తగ్గును. నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలను పంపవలెనని నియమము. 'లైన్లు' అనబడు వరుసయిండ్లలో పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గది ఒక కుటుంబమునకు గాని, ముగ్గురు ఒంటరి పురుషులకు గాని నివాసము. ఆ బ్రతుకును వారు 'నరకము' అని పిలిచికొనిరి. ఆత్మహత్యలు చాల హెచ్చుగ జరిగెను. కుటుంబవ్యవస్థ శిథిలమయ్యెను. మతవిధిని జరిగిన వివాహమునకు, అది ప్రభుత్వమున నమోదు కానిచో, చట్టమున విలువ లేదు. ఇట్టిచోట ధర్మము నిలుచునని ఎవరు ఊహింపగలరు?

రాలినది, నిలిచినది

మొట్టమొదట రాలిపోయినది కులభేదము. కలకత్తా, చెన్నపట్టణములలోని డిపోలయందే అందఱికిని ఒకే వంటశాల. ఓడలో ప్రక్కప్రక్కన పడక. పంక్తిభేదము పాటింపబూనినవాడు పస్తుండవలసినదే. స్త్రీలసంఖ్య స్వల్పమగుటచే వివాహములును కులము నెంచి చేసికొనుట అసాధ్యమయ్యెను. ఒకే నౌకలో వచ్చినవారు ఒకరినొకరు 'జహాజీ భాయి', అనగా ఓడసోదరుడు, అని పిలుచుకొనిరి. రక్తసంబంధముతో సమానముగ ఆ బంధమును జీవితాంతము పాటించిరి.

సముద్రయానముచే మనుష్యుడు ధర్మభ్రష్టుడగునని మనదేశమున పెద్దలు శాసించిన కాలమది. స్వామి వివేకానందులు ఆ నిషేధమును లక్ష్యపెట్టక బొంబాయి రేవునుండి ఓడనెక్కినది 1893 మే నెలలో. మన మతమును వంటింటికి, అంటుముట్టులకు పరిమితము చేసికొంటిమని వారు పలుమాఱు మందలించిరి. ఆ సంవత్సరమే తోతారామ్ సనాఢ్య అను ఉత్తరదేశపు యువకుడు ఫిజీ తోటలకు కూలిగ చేరెను. స్వామీజీ ప్రపంచమునకు ఉపన్యాసముల మూలమున చాటిన సత్యమును, ఈ నిరక్షరాస్యులగు కూలీలు తమ బ్రతుకులో అనుభవించి తెలిసికొనిరి: సముద్రము దాటినను దేవుడు దూరము కాడు, పంక్తి చెడినను ధర్మము చెడదు.

నిలిచినది ఏది? సాయంకాలము పని ముగిసిన పిమ్మట కొందఱు ఒకచోట కూర్చుండి తులసీదాసు రామాయణము వినుట నిలిచినది. చదువ వచ్చినవాడు ఒకడుండిన చాలును. తక్కినవారు విని కంఠస్థము చేసికొనెడివారు. ఇన్ని గ్రంథములుండగ రామాయణమే వారినంతగ ఏల ఆకర్షించెను? అది వనవాసకథ. నేరము చేయనివాడు ఇల్లు విడిచి పోవలసివచ్చుట, అడవిలో కష్టములు పడుట, భార్యావియోగము, గడువు తీఱిన పిదప తిరిగి వచ్చుట, ఇదియంతయు వారి కథయే. అడవిలోనున్నను రాముడు రాముడే యని విన్నప్పుడు, లైన్లలోనున్నను తాను మనుష్యుడే యని ప్రతికూలివానికి తోచియుండును. ఒక పుస్తకము మానవుని ఆత్మగౌరవమును కాపాడుట యనగా ఇదియే.

దక్షిణమునుండి పోయినవారు మారియమ్మను, సుబ్రహ్మణ్యస్వామిని వెంట గొనిపోయిరి. మారియమ్మ గుడులలో అగ్నిగుండము త్రొక్కు మ్రొక్కు ఆ ద్వీపములలో వేరూనినది. ఉత్తరదేశీయుల సంతతివారును ఆ గుడులకు వచ్చి మ్రొక్కులు తీర్చుకొనుట కలదు. గిర్మిట్ దినములలో మొహర్రమునకు హిందువులు, ముస్లిములు కలసి పీర్లను ఎత్తుచుండిరి. శాస్త్రము నెఱిగిన పురోహితులు అరుదైన ఆ లోకమున, భక్తియే పౌరోహిత్యము నిర్వహించెను.

కూలీలు సంఘమగుట

తోతారామ్ సనాఢ్య 1914లో స్వదేశమునకు తిరిగివచ్చి, తన ఇరువదియొక్క ఏండ్ల ఫిజీ జీవితమును హిందీలో గ్రంథరూపమున ప్రకటించెను. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు. డబ్ల్యు. పియర్సన్ ఫిజీకి పోయి స్వయముగ చూచి నివేదిక వ్రాసిరి. దేశమంతట ఆందోళన చెలరేగెను. 1916 తరువాత కూలీలతో ఓడలు పోలేదు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను. అధికసంఖ్యాకులు అచటనే స్థిరపడి, కౌలుభూములలో చెఱకు సేద్యము చేయసాగిరి.

ఇప్పుడు మతము వహించిన పాత్ర మాఱినది. బంధనమున ఓదార్చినదే స్వాతంత్ర్యమున నిర్మాణమునకు పూనుకొన్నది. పిల్లలకు బడులు లేవు. ప్రభుత్వమునకు ఆ చింత అంతగ లేదు. ఆర్యసమాజము 1904లోనే ఫిజీలో ప్రారంభమై, 1918లో లౌతోకా సమీపమున సవేనీలో గురుకులమును నెలకొల్పెను. దక్షిణదేశీయులకై, తాను స్వయముగ కూలిగ వచ్చిన సాధు కుప్పుస్వామి 1926లో నందీ పట్టణమున 'తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘము'ను స్థాపించెను. శ్రీరామకృష్ణ భక్తుడగు ఆయన రామకృష్ణ మిషన్ సహాయమును కోరగ, 1937లో స్వామి అవినాశానంద, 1939లో స్వామి రుద్రానంద ఫిజీకి పోయిరి. 1949లో నందీలో శ్రీ వివేకానంద ఉన్నత పాఠశాల వెలసెను. స్వామి రుద్రానంద విద్యతోనే తృప్తిచెందక, న్యాయవాది ఎ. డి. పటేలుతో కలసి చెఱకు రైతుల పక్షమున నిలిచిరి. సంఘము నడపు పాఠశాలలలో జాతిమతభేదము లేక స్థానిక ఫిజీ బాలబాలికలును చదివిరి.

పాఠకులిచట ఒక క్రమమును గుర్తింపవలెను. మొదట వినుట, పిదప కూడుట, ఆ పిదప కట్టుట. రామాయణము వినుటకై కూడినవారే మండలి అయిరి. మండలి గుడి కట్టెను. గుడి ప్రక్కన బడి లేచెను. బడిలో చదివిన కూలివాని మనుమడు ఉపాధ్యాయుడో, వైద్యుడో అయ్యెను. మతము సమాజమును తీర్చిదిద్దు విధానము ఇదియే. మీదినుండి వచ్చిన ఆజ్ఞచే ఇది జరుగలేదు. నలుగురు ఒకచోట కూర్చుండుటతో ఆరంభమైనది.

గోడలు

అయినను సత్యమును సగము చెప్పుట తగదు. కలుపు శక్తి గల మతమునకు విడదీయు శక్తియు కలదు. గిర్మిట్ దినములలో ఒకే గదిలో నివసించినవారి బిడ్డలు, స్వతంత్రులై సంఘములు స్థాపించుకొనిన పిమ్మట కలహింపసాగిరి. 1920, 1930 దశాబ్దములలో ఆర్యసమాజీయులకు, సనాతనులకు తీవ్రవాదములు చెలరేగెను. హిందువులకు, ముస్లిములకు నడుమ పూర్వపు చెలిమి తఱిగెను. ఉత్తరదేశీయులు, దక్షిణదేశీయులు వేఱువేఱు కూటములైరి. దక్షిణదేశీయులలో తెలుగువారు 1941లో ప్రత్యేకముగ ఆంధ్ర సంఘమును ఏర్పఱచుకొనిరి. భాషాభిమానము మంచిదే, కాని సంఘము నిలిచినను భాష నిలువలేదు. ఫిజీలోని తెలుగు సంతతిలో అధికులకు నేడు ఇంటిభాష ఫిజీ హిందీయే. తాతలు తెలుగున పాడిన భజనలకు అర్థము తెలియని మనుమలు భక్తితో పాడుదురు. భక్తి భాషను మించి బ్రతుకుననుటకు ఇది సాక్ష్యము. అర్థము తెలియని భక్తి ఎంతకాలము బ్రతుకుననునది విచారణీయము.

ఇంతకంటె పెద్దగోడ మఱియొకటి. స్థానిక ఫిజీ ప్రజలలో ప్రముఖ నాయకుడగు థకొంబౌ 1854లో క్రైస్తవమును స్వీకరించెను. వారిలో అధికులు మెథడిస్టులైరి. భూమి వారిది, చెఱకుసేద్యము అధికముగ భారతీయులది. జాతి, జీవిక, మతము మూడును ఒకే గీతపై వేఱగుటచే ఇరుజనుల నడుమ దూరము తఱుగలేదు. పరస్పర వివాహములు అత్యల్పము. 1987లో సైన్యాధికారి రంబూకా రెండుమాఱులు ప్రభుత్వమును కూలద్రోసెను. ఆదివారమున పనులను, వ్యాపారములను నిషేధించు శాసనము వెడలెను. 1989లో లౌతోకాలో హిందూ, సిక్కు, ముస్లిం ప్రార్థనాస్థలములు దగ్ధము గావింపబడెను. 2000లో మఱల తిరుగుబాటు జరిగెను. భారతీయులు వేలకొలదిగ ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడా దేశములకు వలసపోయిరి. 1986లో జనసంఖ్యలో దాదాపు సగముండిన వారు 2007 నాటికి నూటికి 37 మందియైరి. ఒక తాత ఓడలో వచ్చెను; అతని మనుమడు విమానములో పోయెను. ఇరువురి వెంటను పోయినది రామాయణమే. నేడు సిడ్నీలోను, ఆక్లండులోను ఫిజీ భారతీయుల రామాయణమండలులు నడచుచున్నవి.

ఆ గోడకు 2023లో ఒక ద్వారము తెఱచుకొన్నది. ఆ సంవత్సరము మే నెలలో గిర్మిట్ స్మారకదినమున రాజధాని సువాలో జరిగిన ప్రార్థనాసభలో, మెథడిస్టు చర్చి పక్షమున దాని అధ్యక్షుడు భారతీయ సంతతివారిని బహిరంగముగ క్షమింపుమని కోరెను. అప్పటికి ప్రధానమంత్రిగానున్న రంబూకాయును తన పూర్వకృత్యములకు క్షమాపణ చెప్పెను. మాటలచే గాయములన్నియు మానవు; పోయినవారు తిరిగి రారు. అయినను గోడ కట్టుటకు ఏ వేదికను వాడిరో, గోడ తీయుటకును ఆ వేదికయే పనికివచ్చినది. మతమునకు పశ్చాత్తాపమను మార్గము కలదు. కేవలము అధికారమునకు అది లేదు.

విచారణ

ఈ చరిత్రవలన తేలునదేమి? ఆచారమునకు నేల కావలెను. ధర్మమునకు మనుష్యుడు చాలును. కులము, పంక్తి, పురోహితుడు, శిల్పశాస్త్రప్రకారము కట్టిన గుడి లేకపోయినను నామస్మరణ, కథాశ్రవణము, తోడివానిని సోదరుడనుట, ఈ మూడింటితో ధర్మము నిలిచెను. కష్టకాలమున ధర్మము తనంతట తానే సారమును నిలుపుకొనును. సంపద వచ్చినపుడే పరీక్ష. అప్పుడే మనము సారమును విడిచి పేరులకై పోరాడుదుము.

నేడు మన తెలుగునాటి యువకులు చదువునకై, ఉద్యోగమునకై అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు పోవుచున్నారు. వారిది బలవంతపు వలస కాదు; ఐశ్వర్యముతో కూడిన వలస. అచట వారు సుందరమగు ఆలయములను నిర్మించుకొనుచున్నారు. సంతోషమే. కాని ఫిజీ కూలీల ఋణము వారికిని మనకును కలదు. ఆ ఋణము తీర్చుకొను విధమేమన: గుడి కట్టినపుడు దాని ప్రక్కన బడి యున్నదా యని చూచుకొనుట, మనతోపాటు ఓడనెక్కినవాని కులము నడుగకుండుట, మనము కాలుమోపిన నేలకు ముందునుండియున్న వారసులు మన ద్వారము దాటి లోపలికి రాగలుగుచున్నారా యని ప్రశ్నించుకొనుట. ఈ మూడింటికిని అవునని చెప్పగలిగిన సంఘము ఏ సముద్రము దాటినను ధర్మమును కోల్పోదు.