పాటకు రెండు, సినిమాకు అయిదు

ప్రశ్న: మా నాన్నగారి స్టీరియో ఆంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు ఇంకా బాగా పనిచేస్తున్నాయి. పోయిన దసరాకు 5.1 రిసీవర్ కొన్నాం. సినిమా బ్రహ్మాండంగా ఉంది కానీ, అందులో పాత పాటలు వింటే ప్రాణం లేనట్టుంది. రెండూ ఉంచుకోవాలంటే ముందువైపు రెండు జతలు పెట్టాలా సార్? (ఒక పాఠకుడు, పాల్వంచ)

జవాబు: అక్కర్లేదు. నాన్నగారి జత ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. కానీ డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒకటి చూడండి. రిసీవర్ రిమోట్‌లో ‘స్టీరియో’ లేదా ‘డైరెక్ట్’ నొక్కి అదే పాట వినండి. చాలా ఇళ్లలో రెండు ఛానెళ్ల పాటను రిసీవర్ అయిదు స్పీకర్లకూ పంచేస్తుంటుంది. అప్పుడు గాయకుడి గొంతు గదంతా పలచబడిపోతుంది. సగం ఫిర్యాదులు ఆ ఒక్క బటన్‌తో తీరతాయి.

అయినా తేడా ఉంటే రిసీవర్ వెనక ‘ప్రీ అవుట్’ అనే రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు ఎడమ, కుడి ప్రీ అవుట్‌ల నుంచి స్టీరియో ఆంప్లిఫయర్‌కు వైరు వేయండి. ఆంప్లిఫయర్‌లో ‘హోమ్ థియేటర్ బైపాస్’ ఉంటే అందులోకి, లేకపోతే ‘ఆక్స్’లోకి. స్పీకర్లు ఆంప్లిఫయర్‌కే ఉంటాయి. పాట వినేటప్పుడు సీడీ ప్లేయర్‌ను నేరుగా ఆంప్లిఫయర్‌కు కలుపుకోండి, రిసీవర్ ఆపేసి ఉంచండి.

‘ఆక్స్’ దారిలో ఒక ప్రమాదం ఉంది. సినిమాకు ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ ప్రతిసారీ ఒకేచోట ఉండాలి. ఆ చోట గోళ్లరంగుతో చుక్క పెట్టి, రిసీవర్‌కు వచ్చిన మైకుతో సర్దుబాటు కూడా నాబ్‌ను అక్కడే ఉంచి చేయండి. సినిమా అయిపోగానే నాబ్ తగ్గించండి. నేను ఒక రాత్రి మరిచిపోయి సీడీ వేశాను. ఒక ట్వీటర్ కాలిపోయింది. అలాంటిది మళ్లీ దొరకలేదు. ఆ బాధ మీకొద్దు.

ప్రీ అవుట్ లేని రిసీవరైతే స్పీకర్ సెలెక్టర్ స్విచ్ కొనుక్కోండి, ఒకసారికి ఒక ఆంప్లిఫయర్‌నే స్పీకర్లకు కలిపే రకం. రెండింటి వైర్లూ ఒకే స్పీకర్‌కు మాత్రం బిగించకండి. ఒకదాని కరెంటు రెండోదాని అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, స్పీకర్లు పెట్టే చోటు. టీవీ షోకేసులో ఇరికించకండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీ కుర్చీకి ఒక్కో స్పీకర్‌కూ అంతే దూరం ఉండాలి. అంటే టీవీ మధ్యగీతకు అటూ ఇటూ 30 డిగ్రీలు. సినిమాకూ ఇదే కొలత, వెనక స్పీకర్లు మాత్రం 110 డిగ్రీల దగ్గర, చెవులకు కాస్త వెనగ్గా. సరిగ్గా కుదిరిందో లేదో చెప్పడానికి మన భద్రాద్రి రామదాసే ఉన్నాడు. నాగయ్య 1964లో తీసిన ‘రామదాసు’ పాట ఒకటి పెట్టండి. అది మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. గొంతు సరిగ్గా టీవీ నడుమ నుంచి, అక్కడ మనిషి కూర్చున్నట్టు వినిపించాలి. ఒక పక్కకు ఒరిగితే కుర్చీనో స్పీకర్‌నో జరపండి. తర్వాత 2006లో కీరవాణి సంగీతం చేసిన ‘శ్రీరామదాసు’ పాటలు పెట్టండి. వాద్యాలు అటూ ఇటూ విచ్చుకోవాలి. గది స్లాబుదై, గచ్చు నేలైతే కుర్చీ ముందు మందపాటి బొంత పరవండి. గొంతు తేటపడుతుంది.

ప్రశ్న: రిసీవర్‌నూ ఆంప్లిఫయర్‌నూ కలిపినప్పటి నుంచి ‘గుయ్’ మని మోత. ఉరుములొస్తే భయంగా కూడా ఉంది. (ఒక పాఠకురాలు, అశ్వారావుపేట)

జవాబు: సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ లేదా డిష్ వైరు ఊడదీసి వినండి. మోత ఆగితే ఆ వైరు వెంట వచ్చే ఎర్తుకూ, మీ ఇంటి ఎర్తుకూ తేడా ఉన్నట్టు. అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టించి, అది కేబుల్ వైరైతే దానికి ఐసొలేటర్ వేయించండి. మోత పోతుందని ఎవరైనా ఎర్తు పిన్ను విరిచేయమంటే ఒప్పుకోకండి, అది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఎండాకాలంలో మన నేల బీటలు వారుతుంది కనుక ఎర్తు గుంటలో నీళ్లు పోస్తూ ఉండండి. ఇక పిడుగును స్టెబిలైజర్ ఆపలేదు. మబ్బు పట్టగానే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా తీసేయండి. చాలామంది ప్లగ్గు తీసి వైరు వదిలేస్తారు, పిడుగు ఆ దారిన వస్తుంది.

ప్రశ్న: కరకట్ట దగ్గర ఉంటాం. టవర్ స్పీకర్లు కొనమంటారా? (భద్రాచలం)

జవాబు: వద్దు. గోదావరి 53 అడుగులు దాటితే మూడో హెచ్చరిక. 2022 జులైలో 71 అడుగులు దాటింది. మీరు కొనేది ఇద్దరు పది నిమిషాల్లో ఎత్తి మేడ మీద పెట్టగలిగేదై ఉండాలి. మంచి బుక్‌షెల్ఫ్ జత, దానికి ఒక సబ్‌వూఫర్, రిసీవర్‌లో క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. చిన్న గదికి అది చాలు. స్టాండ్లు ఇనుపవి తీసుకోండి, చెదలు పట్టవు. ప్రతి వైరుకూ ఏది ఎక్కడిదో రాసి ఇప్పుడే చీటీ కట్టి ఉంచండి. ఒకవేళ నీళ్లు తగిలితే మెకానిక్ విప్పి చూసేదాకా ప్లగ్గు పెట్టకండి.