పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 17కి వెళ్లాక సర్వర్ స్లో అయిందా? ముందు ఈ సెట్టింగ్స్ చూడండి

ఫోన్‌కి పెద్ద అప్‌డేట్ కొట్టాక మనం పెట్టుకున్న సెట్టింగ్స్ పోతే ఎంత చిరాకో తెలుసు కదా ఫ్రెండ్స్? డేటాబేస్ సర్వర్‌లో కూడా అదే జరుగుతుంది, కాకపోతే అక్కడ ఎవరూ నోటిఫికేషన్ పంపరు.

మా చెవిటికల్లులో పత్తి కొనే ఒక బాబాయ్‌కి కాటా లెక్కల యాప్ రాసిచ్చా. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత డెస్క్‌టాపే సర్వర్. పోస్ట్‌గ్రెస్ 13కి సపోర్ట్ 2025 నవంబర్‌తో ఆగిపోయింది, అంటే సరిగ్గా పత్తి తీతల టైమ్. సాయంత్రం కాటా అయ్యాక లెక్క తేలకపోతే రైతులు డబ్బుల కోసం అక్కడే నిలబడాలి. అందుకే ముందు డేటా కాపీ మీద అప్‌గ్రేడ్ చేసి చూశా. డేటా అంతా వచ్చింది. రోజు రిపోర్ట్ మాత్రం టీ తాగొచ్చినా రాలేదు!

కారణాలు రెండు. 'పీజీ అప్‌గ్రేడ్' టూల్ డేటాని తెస్తుంది కానీ మన కాన్ఫిగ్ ఫైల్‌ని తేదు. కొత్త సర్వర్ డిఫాల్ట్స్‌తో లేస్తుంది: షేర్డ్ బఫర్స్ 128 ఎంబీ, వర్క్ మెమ్ 4 ఎంబీ. రెండోది, ఏ టేబుల్‌లో ఎంత డేటా ఉందో ప్లానర్‌కి చెప్పే స్టాటిస్టిక్స్ కూడా రావు (వెర్షన్ 18 నుంచి చాలావరకు వస్తాయి). కాబట్టి దేన్నీ ముట్టుకోకముందే మొత్తం డేటాబేస్ మీద అనలైజ్ రన్ చేయండి. నాకు సగం స్పీడ్ అక్కడే తిరిగొచ్చింది.

పాత ఫైల్‌నే కాపీ కొట్టేస్తే సరిపోదా అంటారేమో. 'స్టాట్స్ టెంప్ డైరెక్టరీ' అనే సెట్టింగ్‌ని వెర్షన్ 15లో తీసేశారు. పాత ఫైల్‌లో ఆ లైన్ ఉంటే 17 అసలు స్టార్టే కాదు. ఉబుంటులో 'పీజీ అప్‌గ్రేడ్ క్లస్టర్' కమాండ్ ఫైల్‌ని కూడా తెస్తుంది, అయినా ఒకసారి కళ్లతో చూసుకోవడం మంచిది.

షేర్డ్ బఫర్స్‌కి ర్యామ్‌లో పావు వంతు, అంటే 2 జీబీ ఇచ్చా. దీనికి రీస్టార్ట్ తప్పదు. ర్యాండమ్ పేజ్ కాస్ట్ డిఫాల్ట్ 4, అది తిరిగే హార్డ్ డిస్క్‌ల కాలం లెక్క. ఎస్‌ఎస్‌డీకి 1.1 పెట్టి రీలోడ్ చేస్తే చాలు.

అసలు జాగ్రత్త వర్క్ మెమ్ దగ్గర. చాలామంది దీన్ని ఒక్కసారిగా 64 ఎంబీ చేసేస్తారు. అది సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో సార్టింగ్‌కి. 100 కనెక్షన్లు ఒక్కో సార్ట్ చేసినా 6.4 జీబీ, ఒకే క్వెరీలో రెండు మూడు సార్టులూ ఉండొచ్చు. ర్యామ్ అయిపోతే లినక్స్ పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌నే చంపేస్తుంది. అందుకే నేను సర్వర్‌కి 4 ఎంబీనే ఉంచి, 'ఆల్టర్ రోల్'తో రిపోర్ట్ తీసే ఒక్క యూజర్‌కి మాత్రం 64 ఎంబీ ఇచ్చా. కాటా చీటీలు ఎక్కించే వాళ్లకి అంత అక్కర్లేదు.