భుజం మీద చూరు

మెకానిక్స్ క్లాసులో గీసి గీసి విసుగొచ్చిన ఫ్రీ బాడీ డయాగ్రమ్ ఒకటి మన భుజంలోనే ఉంది. భుజం చివర వేలితో నొక్కి చూడండి, గట్టిగా తగులుతుందే, అది అక్రోమియన్. వీపు మీది రెక్క ఎముక ముందుకు సాగి వేసిన చూరు. దాని కిందుగా సుప్రాస్పైనేటస్ అనే కండరం టెండన్ వెళ్తుంది. ఇలాంటి నాలుగు టెండన్లు కలిసి చేతి ఎముక గుండుని పట్టి ఉంచుతాయి. అదే రొటేటర్ కఫ్.

వయసు మీద పడేకొద్దీ ఇది చిరగడం మామూలే. ఎందుకు చిరుగుతుంది? చూరుకి రాసుకుని అన్నాడు అమెరికన్ సర్జన్ చార్లెస్ నీర్, 1972లో. 1986లో బిగ్లియాని బృందం మృతదేహాల భుజాలు చూసి చూరుని మూడు రకాలుగా విడదీసింది: చదును, వంపు, కొక్కెం. చిరుగులు ఎక్కువగా కొక్కెం రకంలోనే కనిపించాయి. ఇంకేం, కొక్కేన్ని చెక్కేస్తే సరి! లాజిక్ ఎంత ముచ్చటగా ఉందో. కానీ ఒకే ఎక్స్‌రే చూసి ఒక డాక్టర్ వంపు అంటే ఇంకొకరు కొక్కెం అంటారు. పైగా లిగమెంట్ లాగే చోట వయసుతో ఎముక పెరగొచ్చు. అప్పుడు కొక్కెం కారణమా, ఫలితమా?

నాకు నచ్చింది 2013 నాటి జ్యూరిక్ బృందం లెక్క. వాళ్లు కొక్కేన్ని వదిలేసి కోణం కొలిచారు. కీలు గిన్నె కింది అంచు నుంచి రెండు గీతలు: ఒకటి గిన్నె పై అంచుకి, ఇంకోటి చూరు బయటి కొసకి. మామూలు భుజాల్లో సగటు 33 డిగ్రీలు, కఫ్ చిరిగినవాళ్లలో 38, కీలు అరిగినవాళ్లలో 28. వెక్టర్లుగా విడదీస్తే విషయం తెలుస్తుంది. చూరు బయటికి సాగితే డెల్టాయిడ్ లాగుడు నిలువుగా మారి గుండుని పైకి జరుపుతుంది. దాన్ని ఆపడానికి సుప్రాస్పైనేటస్ అదనంగా లాగాలి. చూరు పొట్టిదైతే గుండు గిన్నెలోకి నొక్కుకుంటుంది, కీలు అరుగుతుంది. అంటే రాపిడి కన్నా లోడే అసలు సంగతి కావచ్చు.

బ్రిటన్‌లో జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. భుజం నొప్పి ఉండి, కఫ్ పూర్తిగా చిరగనివాళ్లలో కొందరికి ఎముక చెక్కారు, కొందరికి కెమెరా పెట్టి చూసి ఊరుకున్నారు. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు!

కాబట్టి ఇంట్లో ఎవరి రిపోర్టులోనైనా 'టైప్ 3 అక్రోమియన్' అని కనిపిస్తే, అదొక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు. సాధారణంగా ముందు ఫిజియోథెరపీయే. చూరుని మార్చలేకపోయినా కండరాన్ని బలపరచొచ్చు కదా. కిందపడ్డాక ఉన్నట్టుండి చెయ్యి లేవకపోతే మాత్రం ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కి చూపించండి.